పాత రివాల్వరు కొనే ముందు మేము చూసినవి



పోయిన వారం మన గుంపులో ఒక తమ్ముడు అడిగాడు. "తెలిసినవాళ్ళ ఇంట్లో పాత రివాల్వరు ఒకటి అమ్మకానికి ఉంది, నాకు లైసెన్సు ఉంది, కొనేముందు ఏమేమి చూడాలి?" అని. ఇరవై మంది ఇరవై మాటలు చెప్పారు. ఒకరు గొట్టం చూడమన్నారు, ఒకరు కంపెనీ పేరు చూడమన్నారు, ఇంకొకరు ధర తగ్గించి అడగమన్నారు. మేము ఆ రోజు ఏమీ రాయలేదు. రెండు లైన్లలో తేలే సంగతి కాదు ఇది. రెండేళ్ళ కిందట మా బావ కోసం ఇదే పని మీద పది నెలలు తిరిగాము. ఆ కథంతా చెప్తే ఆ తమ్ముడికే కాదు, ఇంకా కొన్ని ఇళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాము. పెద్దదిగా ఉంటుంది, తీరిక ఉన్నప్పుడు చదవండి.

మేము అంటే ఇంట్లో ఉండే మేమిద్దరం, భార్యాభర్తలం. ఈ వ్యవహారంలో మొదటి నుంచి చివరి దాకా ఇద్దరం కలిసే తిరిగాము, అందుకని మేము అనే రాస్తాము. మాలో ఒకరిది రైల్వే గూడ్సు ఆఫీసులో గుమాస్తా పని, ఇంకొకరిది ఇల్లు. ఇందులో ఎవరి చూపు ఎక్కువ పనికొచ్చిందో చివర్లో మీరే చెప్పండి.

బావ అంటే మాలో ఆమెకు పెద్దన్న. ఉడుమలపేట దగ్గర కొబ్బరితోటలో ఉంటారు. తోట ఇల్లు, పక్క ఇల్లు అరమైలు దూరం. కొడుకులిద్దరూ బెంగుళూరులో. మన కోయంబత్తూరు, తిరుప్పూరు, ఈరోడు పక్కల తోట ఇళ్ళల్లో ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళ మీద దాడులు జరిగిన వార్తలు మీరూ చదివినవే. ఆ వార్తలు చదివిన తరువాత బావ రాత్రుళ్ళు సరిగ్గా నిద్రపోలేదు. కలెక్టరాఫీసులో అర్జీ పెట్టి, పోలీసు విచారణ అయి, 2016 నిబంధనల ప్రకారం కావలసిన తుపాకి శిక్షణ సర్టిఫికెట్ తెచ్చుకొని, చివరికి .32 బోరు రివాల్వరుకు లైసెన్సు సంపాదించారు. కాన్పూరులో చేసిన కొత్తది లక్ష దాటుతుందని డీలరు చెప్పారు. అప్పుడే పొళ్ళాచ్చి పక్కన మన సంఘానికే చెందిన ఒక ఇంట్లో పాతది ఉందని తెలిసింది. అదీ కాన్పూరుదే, అదే .32 బోరు. ఇంటి పెద్దాయన పోయారు, ఆమె అమ్మేస్తామంటున్నారు, అరవై వేలకు ఇస్తారట. బావ మమ్మల్ని తోడు రమ్మన్నారు.

ఆ పెద్దామెను మేము పెద్దమ్మ అని పిలుస్తాము. కాఫీ ఇచ్చి, బీరువా తాళం తీసి, పట్టుచీరల మధ్యలో ఉన్న ఒక గుడ్డసంచి చూపించింది. "మీ పెదనాయన ఎట్లా పెట్టినారో అట్లే ఉండాది. మేమెవరమూ తాకలేదు" అంది. బావ చేయి చాపారు. మేము ఆపాము. ముందు పుస్తకం చూపించు పెద్దమ్మా అన్నాము.

లైసెన్సు పుస్తకం ఆయన పేరు మీద ఉంది. ఆయన పోయి మూడేళ్ళు. చివరిసారి రెన్యూవల్ చేసిన గడువు కూడా దాటి రెండేళ్ళు అయింది. మాకు వెన్ను చల్లబడింది.

ఇక్కడ కొంచెం ఆగి అందరూ చదవాలని మా మనవి. తుపాకి లైసెన్సు మనిషికి ఇచ్చేది, ఇంటికి ఇచ్చేది కాదు. ఆ మనిషి పోతే ఆ లైసెన్సు ఆయనతోనే పోతుంది. పొలం, నగలు పిల్లలకు వచ్చినట్టు తుపాకి తనంతట తాను రాదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం, దగ్గర ఉంచుకునే హక్కు పోయిన ఆయుధాన్ని ఆలస్యం చేయకుండా పోలీస్ స్టేషన్లోనో లైసెన్సు ఉన్న డీలరు దగ్గరో అప్పజెప్పాలి. లైసెన్సు లేకుండా ఉంచుకుంటే, 2019లో చట్టం మారిన తరువాత, తక్కువలో తక్కువ రెండేళ్ళు, ఎక్కువంటే ఐదేళ్ళు జైలు. బీరువాలో చీరల మధ్య ఉన్నా అది ఉంచుకోవడమే.

మేము ఇది మెల్లగానే చెప్పాము. కానీ పెద్దమ్మ చేతిలో గ్లాసు వణికింది. "నన్ను జైల్లో పెడతారా నాయనా?" అని అడిగింది. డెబ్భై నాలుగేళ్ళ మనిషి. భర్త గుర్తుగా దాచుకున్న వస్తువు తనను అక్కడిదాకా తీసుకుపోతుందని ఎవరూ ఆమెకు చెప్పలేదు. కర్మ నాడు ఇంటినిండా మనవాళ్ళమే ఉన్నాము. భోజనాల లెక్క చూశాము, ఎవరెవరికి కబురు పోయిందో చూశాము. తుపాకి సంగతి ఒక్కరం అడగలేదు.

ఆ రోజు బేరం మాట మాట్లాడలేదు. మరునాడు తెలిసిన వకీలును పట్టుకున్నాము. మరణ ధ్రువపత్రం, లైసెన్సు నకలు, ఆలస్యానికి కారణం రాసిన ఉత్తరం తయారు చేశాము. మేమే సంచిలో పెట్టుకొని బండి మీద స్టేషనుకు తీసుకుపోదామని బావ అన్నారు. వకీలు అరిచినంత పని చేశారు. లైసెన్సు లేని ఆయుధాన్ని దారిలో మోసుకుపోవడం ఇంకొక తప్పు. ముందు ఉత్తరం ఇచ్చి, వాళ్ళు ఎట్లా చెప్తే అట్లా చేయాలి. ఉత్తరం ఇచ్చాము, వాళ్ళే ఇంటికి వచ్చారు. వచ్చిన అధికారి "ఇన్నాళ్ళు ఏం చేస్తా ఉన్నారు?" అని గట్టిగానే అడిగారు. పెద్దమ్మ "తెలీలేదయ్యా" అంది, ఇంకేమీ చెప్పలేదు. ఆయన కాసేపు ఆమెనూ, గోడ మీద పటాన్నీ చూసి, రసీదు రాయడం మొదలుపెట్టారు. అంతటితో గండం గడిచింది. అందరికీ అట్లే గడుస్తుందని మేము చెప్పలేము.

రసీదు రాసేటప్పుడు ఒక పోలీసు రివాల్వరు మీది నంబరు పైకి చదివారు. మేము లైసెన్సు పుస్తకంలో వేలు పెట్టి చూస్తూ ఉన్నాము. చివరి నుంచి రెండో అంకె దగ్గర వేలు ఆగిపోయింది. ఇనుము మీద 3, పుస్తకంలో 8.

గూడ్సు ఆఫీసులో ఏళ్ళ తరబడి వ్యాగన్ నంబర్లు రాసిన అలవాటు అక్కడ పనికొచ్చింది. ఇప్పటి వ్యాగన్ నంబరులో 11 అంకెలు ఉంటాయి. అందులో చివరి అంకె మిగతా పది అంకెలు సరిగ్గా ఉన్నాయా అని కాపలా కాసేదే. ఒక అంకె తప్పు రాస్తే లెక్క కుదరదు, తప్పు బయటపడుతుంది. రివాల్వరు నంబరుకు అట్లాంటి కాపలా లేదు. ఒక అంకె మారితే కాగితం ప్రకారం అది వేరే రివాల్వరు. మీ చేతిలో ఉన్నదానికి లైసెన్సు లేనట్టే, లైసెన్సులో ఉన్నది మాయమైనట్టే.

ఎక్కడ తప్పు జరిగిందో వెతకడానికి నెల పట్టింది. పెద్దాయన పాత రేకుపెట్టెలో మొదట కొన్ననాటి డీలరు బిల్లు దొరికింది. అందులో 3 అనే ఉంది. పాత పుస్తకం నిండిపోయి కొత్త పుస్తకానికి ఎక్కించినప్పుడు ఎవరి చేతిలోనో 3 కాస్తా 8 అయింది. పెద్దాయన సంతకం పెట్టి తెచ్చుకున్నారు, సరిచూసుకోలేదు. గుమాస్తా పని చేసినవాళ్ళం కాబట్టి గుమాస్తాను తిట్టబుద్ధి కాలేదు. సరిచూసుకోవలసింది మనమే.

తప్పు దిద్దించడానికి ఒక అర్జీ. తాసిల్దారు దగ్గర వారసుల సర్టిఫికెట్. ఇద్దరు కూతుళ్ళ నుంచి అభ్యంతరం లేదని కాగితాలు. అమ్ముకోవడానికి అనుమతి. అన్నీ అయ్యి రివాల్వరు స్టేషను నుంచి కోయంబత్తూరు డీలరు దగ్గరికి చేరేసరికి ఎనిమిది నెలలు. అప్పటి దాకా బావ దాన్ని చేత్తో తాకనే లేదు.

అమ్మేవారు, కొనేవారు ఇద్దరూ లైసెన్సు ఉన్నవాళ్ళయి, డీలరు లేకుండా నేరుగా ఇచ్చిపుచ్చుకోవాలన్నా ఒక పద్ధతి ఉంది. అమ్మేవారు ముందుగా జిల్లా మేజిస్ట్రేటుకో దగ్గరి పోలీస్ స్టేషను అధికారికో రాతపూర్వకంగా తెలపాలి. తెలిపిన తరువాత 45 రోజులు గడవాలి. ఆ తరువాతే చేయి మారాలి. "నేను డబ్బు ఇచ్చేస్తా, మీరు వస్తువు ఇచ్చేయండి, కాగితాలు తరువాత చూసుకుందాం" అనేది మన బంధుత్వాల్లో మామూలు మాట. ఇందులో ఆ మాట పనికిరాదు.

ఇక ఇనుము సంగతి. మాకు తుపాకులు తెలియవు. మన సంఘంలోనే సైన్యంలో ఆయుధాల మరమ్మతు పని చేసి రిటైరైన ఒక అన్న ఉన్నారు, ఆయన్ను తీసుకుపోయాము. డీలరు అనుమతి తీసుకొని, ఆయన బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి ఒక్కొక్కటే చూపించారు. మేము చీటీ మీద రాసుకున్నాము.

మొదటిది, ఖాళీగా ఉందా. గొట్టం గోడ వైపు పెట్టి, రివాల్వరు విరిచి తెరిచారు. ఈ కాన్పూరు .32 పాత వెబ్లీ పద్ధతిది, పైన మీట నొక్కితే గొట్టం ముందుకు వంగి వెనక సిలిండరు తెరుచుకుంటుంది. ఆరు గదులూ కంటితో చూసి, వేలితో తడిమి చూశారు. డీలరు ఖాళీ అన్నా తాను చూశారు, మా చేతికి ఇచ్చి మమ్మల్నీ చూడమన్నారు. చేయి మారిన ప్రతిసారీ అట్లాగే చూడాలట.

రెండోది నంబరు. అంకెల చుట్టూ ఇనుము అరగదీసినట్టు, గీకినట్టు కనిపిస్తే అక్కడే కింద పెట్టి వచ్చేయమన్నారు. గుర్తింపు నంబరు చెరిపేసిన తుపాకిని అమ్మడమూ, కొనడమూ నేరమే.

మూడోది గొట్టం లోపల. వెనక నుంచి తెల్ల కాగితం పెట్టి వెలుతురులో చూశారు. లోపల మెలి తిరిగిన గాడులు పదునుగా, మెరుస్తూ కనిపించాలి. చిన్న చిన్న గుంటలు ఉంటే తుప్పు తినిందని అర్థం. ఒకచోట ఉంగరంలాగా నల్లటి చుట్టు కనిపిస్తే ఎప్పుడో లోపల గుండు ఇరుక్కొని, దాని వెనక ఇంకొకటి కాల్చారని, గొట్టం ఉబ్బిందని అర్థం. అది కొనకూడదు.

నాలుగోది బిగువు. మూసి, ఒక చేత్తో పిడి, ఒక చేత్తో గొట్టం పట్టుకొని మెల్లగా అటూ ఇటూ ఆడించారు. కీలు దగ్గర టక్కుమని శబ్దం వస్తే కీలు అరిగింది. సిలిండరును ముందుకు వెనక్కి కదిపి చూశారు. సిలిండరుకూ గొట్టానికీ మధ్య సందు కాగితమంత సన్నగా, అన్ని పక్కలా సమంగా ఉండాలి.

ఐదోది హామర్. మన పెద్దలు దాన్ని గుర్రం అనేవారు. పూర్తిగా వెనక్కి ఎత్తి, మీట తాకకుండా బొటనవేలితో హామర్‌ను ముందుకు తోసి చూశారు. పడకూడదు. పడితే జేబులోనో సంచిలోనో పేలే వస్తువు అది.

ఆరోది మరల తలలు. స్క్రూల తలలు చీలి, గీసుకొని ఉంటే తెలియని చేయి లోపల పెట్టిందని అర్థం. కొత్తగా నల్లరంగు పూసి నిగనిగలాడుతుంటే సంతోషపడవద్దు, కింద తుప్పు గుంటలు దాచి ఉండవచ్చు.

ఏడోది, అన్నిటికన్నా ముఖ్యమన్నది, చక్రం నిలవడం. హామర్‌ను చాలా మెల్లగా ఎత్తారు. హామర్ పూర్తిగా వెనక్కి వచ్చేలోపల సిలిండరు తిరిగి, గది గొట్టానికి సూటిగా వచ్చి, టిక్కుమని బిగుసుకోవాలి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు బిగుసుకున్నాయి. ఆరో గది బిగుసుకోలేదు. వేలితో ఆనిస్తే ఇంకొంచెం తిరిగింది. అన్న ఇంకొక రెండుసార్లు తిప్పారు. మళ్ళీ అదే గది. అట్లా కాలిస్తే గుండు గొట్టం అంచుకు తగిలి, సీసం చీలికలు పక్కకు చిమ్ముతాయని, పక్కన నిలబడ్డవాళ్ళ కంట్లో పడవచ్చని చెప్పారు.

డీలరు దాచలేదు. లైసెన్సు ఉన్న మరమ్మతుదారు దగ్గర సరిచేయించవచ్చు, నలభై ఐదు వేలకు ఇప్పిస్తానన్నారు. పెద్దమ్మ కూడా ఫోనులో సరేనంది. సంచిలో ఉన్న పాత తూటాలు మాత్రం తీసుకోవద్దని, ఎన్నేళ్ళవో ఎట్లా ఉన్నాయో తెలియనివి నమ్మకూడదని అన్న చెప్పారు. బావ ముఖం వెలిగింది. పదిహేను వేలు మిగిలాయి.

కాగితం చూశాము, ఇనుము చూశాము, ఇంకేముంది అనుకున్నాము. డీలరు కొట్టు బయట టీ తాగుతుండగా మాలో ఆమె అడిగింది.

"అన్నా, ఇది ఎక్కడ పెడ్తావు?"

"ఇనప్పెట్టెలో. తాళం వేసి. శిక్షణలో అట్లే చెప్పినారు."

"తూటాలు?"

"వేరే చోట. దానికీ తాళమే."

"రాత్రి రెండు గంటలకు తలుపు చప్పుడైతే నీవు ముందు కళ్ళజోడు వెతుకుతావా, తాళంచెవి వెతుకుతావా?"

బావ నవ్వారు. ఆమె నవ్వలేదు. "వేసవి సెలవులకు మనవడు రెండు నెలలు ఉంటాడు. తొమ్మిదేళ్ళు వానికి. బీరోలో వదిన దాచిన బెల్లం ఎక్కడుందో వానికి తెలుసు. వాడు ఉన్నన్నాళ్ళు తాళం వేసే ఉంచాల. తాళం వేస్తే దొంగ వచ్చినప్పుడు నీ చేతికి రాదు. తీసి తలగడ కింద పెట్టుకుంటే వాని చేతికి వస్తాది. ఏది చేస్తావు?"

బావ టీ గ్లాసు బల్ల మీద పెట్టేశారు. ఆమె ఇంకొక మాట కూడా అంది. అది అనకుండా ఉండాల్సిందేమో అని మేము చాలాసార్లు అనుకున్నాము. "సాయంకాలం అయితే నీవు రెండు పెగ్గులు వేస్తావు. పక్క తోటవాళ్ళతో నీళ్ళ తగాదా ఉండాది. మాకు దొంగ కన్నా అదే భయం అన్నా."

బావ లేచి కారు దగ్గరికి వెళ్ళిపోయారు. పది నెలలు ఆయనతో తిరిగిన మేము బస్సులో ఇంటికి వచ్చాము. రెండు నెలలు మాట లేదు. దీపావళికి ఇంటి ఆడపడుచుకు రావలసిన చీర రాలేదు. ముప్పై ఎనిమిదేళ్ళలో అది మొదటిసారి.

సంక్రాంతి ముందు వదిన ఫోన్ చేసింది. బావ ఆ రివాల్వరు వద్దన్నారు, ఇంకొకటీ చూడలేదు. లైసెన్సులో రాసిన గడువులోగా కొనాలి, ఆ గడువు దాటిపోనిచ్చారు. తోట చుట్టూ లైట్లు వేయించారు, రెండు కుక్కలను తెచ్చారు, ఇంటి ముందు వెనక కెమెరాలు పెట్టించారు. నీళ్ళ తగాదా ఉన్న పక్క తోటాయన దగ్గరికి తానే పోయి, చప్పుడైతే ఒకరికొకరు ఫోన్ చేసుకుందామని మాట్లాడారట. ఆ రివాల్వరును డీలరు బాగు చేయించి లైసెన్సు ఉన్న ఇంకొకరికి అమ్మారు. పెద్దమ్మకు డబ్బు చేరింది.

మేము చేసింది సరేనా అంటే, నిజం చెప్పాలంటే మాకు తెలియదు. రేపు ఆ తోటలోకి ఎవరైనా వస్తే, వద్దన్న పాపం మాదే. అందుకని రోజూ రాత్రి తొమ్మిది గంటలకు బావకు ఫోన్ చేస్తాము. తిన్నారా, గేటు వేశారా, కుక్కలను విప్పారా అని మూడే మాటలు. ఆయన కూడా ఆ వేళకు ఫోను చేతిలోనే పెట్టుకుంటారు.

ఇక గుంపులో అడిగిన తమ్ముడికి మా మాట. ముందు అమ్మేవారి లైసెన్సు బతికి ఉందా, యు.ఐ.ఎన్. నంబరు ఉందా, రివాల్వరు మీది ప్రతి అంకె కాగితంతో కలుస్తుందా చూడు. మొదటి బిల్లు అడుగు. తరువాత తెలిసిన చేత్తో, డీలరు ఎదుట, ఆరు గదులూ ఒక్కొక్కటిగా తిప్పి చూడు. ఐదు బాగుంటే చాలదు. చివరికి ఇంటికి పోయి, అది ఉండబోయే ఇంట్లో ఎవరెవరు ఉన్నారో, వాళ్ళకు కోపం, తాగుడు, దిగులు ఏమున్నాయో ఇంటి ఆడవాళ్ళను అడుగు. వాళ్ళు చెప్పేది వినేంత ఓపిక ఉంటే కొను. మేము ఈ చివరిదాన్ని మొదట చూసి ఉంటే పది నెలలు మిగిలేవి. కానీ అప్పుడు పెద్దమ్మ బీరువా ఎవరూ తెరిచి ఉండేవారు కారు, అదీ నిజమే.

మిగతావాళ్ళకు ఇంకొక మనవి. మన పాత ఇళ్ళల్లో తుపాకులు చాలానే ఉన్నాయి. తోట కాపలాకని, అడవి పందులకని తాతలు, నాయనలు తీసుకున్నవి. ఎన్నికలప్పుడు స్టేషన్లో అప్పజెప్పి రసీదు తెచ్చుకున్న జ్ఞాపకం ఎవరికైనా ఉంటే, ఆ తుపాకి ఇప్పుడు ఎక్కడుంది, ఎవరి పేరు మీద ఉంది, గడువు ఎప్పుడు అని ఈ ఆదివారమే పుస్తకం తీసి చూడండి. 2019 తరువాత ఒక మనిషికి రెండు తుపాకులకు మించి ఉండకూడదు, ముందు మూడు ఉండవచ్చు. అది కూడా చూసుకోండి. ఎవరి ఇంట్లోనైనా పెద్దాయన పోయి ఆ వస్తువు అట్లే ఉంటే, సిగ్గుపడకుండా మన సంఘంలో ఉన్న వకీళ్ళతో మాట్లాడండి. మేము తోడు వస్తాము. స్టేషను దాకా రావడానికి రిటైరైనవాళ్ళకు తీరిక ఉంటుంది.

ఇట్లాంటి అనుభవం ఉన్నవాళ్ళు కింద రాయండి. మాకు తెలియనిది ఏదైనా ఉంటే దిద్దండి. సెలవు.